కొండమీది ఊరిలో మూడు దారులు

పోయిన నెలలో ఒక శుక్రవారం పొద్దున నూరా మా ఇంటికి వచ్చింది. కువైట్‌లోని ఫింటాస్‌లో నేనుండే భవనంలో లిఫ్టు పాడై వారం దాటింది. నాలుగంతస్తుల మెట్లు ఎక్కి, అబాయా అంచు ఒక చేత్తో పైకి పట్టుకుని, ఏమాత్రం రొప్పకుండా వచ్చి తలుపు ముందు నిలబడింది. ఆమె వెనక పద్నాలుగేళ్ల కూతురు మాత్రం గోడకు ఆనుకుని, ఇంకొక్క మెట్టు ఉంటే కూలిపోతానన్నట్టు చూస్తోంది. నేను ఆ పిల్లను చూసి నవ్వితే నూరా నన్ను చూసి నవ్వింది. ఆ వయసు నూరా వెంటే నేను పరిగెత్తడం మొదలుపెట్టింది.

టీ తాగుతూ అసలు సంగతి చెప్పింది. "రీమా, ఈ సెలవుల్లో దీన్ని మన కొండమీది ఊరికి తీసుకుపోతున్నా. దీనికి ఫోను తప్ప ఇంకో లోకం లేదు. మనం పరిగెత్తిన దారుల్లో పరిగెత్తిస్తా. కానీ నాకు సగం గుర్తులేవు. మ్యాపులో వెతికితే కార్లు పోయే రోడ్లు కనిపిస్తున్నాయి గానీ మన దారులు లేవు. నీకు గుర్తున్నాయా?"

నాకు గుర్తున్నాయా అని అడుగుతోంది! నేను కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాను. కార్మెనమ్మ ఇంటి ముందు ఎడమకు తిరగాలి. ముప్పై ఆరు మెట్లు. నాలుగు నోళ్ల కొళాయి ఉన్న రాతి తొట్టి. చర్చి వెనక సందులోకి పోతే పాత ద్వారం. నూరా ఫోనులో గబగబా కొట్టుకుంటోంది. ఆ పిల్ల తలెత్తి, "మెట్ల లెక్క కూడా గుర్తుందా నీకు?" అంది. "ఎక్కింది నేను కదా తల్లీ" అన్నాను. నూరా ఫోనులోకి ఎక్కించుకున్నది దారి మాత్రమే. వాళ్ళు వెళ్ళిపోయాక మిగతాదంతా నా దగ్గరే ఉండిపోయింది. అది రాసుకుందామని కూర్చున్నాను.

నా అసలు పేరు రెడ్డెమ్మ. రాయచోటికి పైన గుట్టల నడుమ ఒక పల్లె మాది. పదో తరగతి దాకా చదివాను. బడికి పోవాలంటే గుట్ట ఎక్కి దిగాలి. బడి లేని రోజుల్లో మేకల వెనక తిరగాలి. మేక ఎవరి చెనిక్కాయల చేలోనో పడితే మా నాయన ఊరుకోడు. అందుకని మేక చెవులు నిక్కబొడిచిందంటే చాలు, నేను అప్పటికే పరుగులో ఉండేదాన్ని. పరుగు అన్నది ఒక విద్య అని, దానికి బూట్లూ బట్టలూ ఉంటాయని, చూడటానికి జనం వస్తారని నాకు తెలియదు. మూడేళ్ల కూతుర్ని మా అమ్మ ఒళ్ళో పెట్టి కువైట్ విమానం ఎక్కినప్పుడు నాకు ముప్పై నిండలేదు. ముబారక్ అల్ కబీర్‌లో ఒక పెద్ద ఇల్లు. ఇంటి యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలవాలని ఏజెంటు ముందే చెప్పాడు. రెడ్డెమ్మ అనడం మామాకు చేతకాలేదు. రెండు సార్లు ప్రయత్నించి, "రీమా" అనేసింది. ఆ రోజు నుంచి నేను రీమానే.

ఆ ఇంటి పొద్దులు నాకు వాసనలుగా గుర్తున్నాయి. ముందు ముంగిలి గొట్టంతో కడగాలి. వేడెక్కిన బండలమీద నీళ్ళు పడగానే ఒక తడిమట్టి వాసన లేచి, మరు నిమిషంలో ఆరిపోయేది. ఆ తర్వాత బాబాకు యాలకుల కాఫీ. ఆయన చిన్న గ్లాసులో మూడు సార్లు పోయించుకుని, నాలుగోసారి గ్లాసును అటూ ఇటూ ఊపితే ఇక చాలని అర్థం. నోటితో చెప్పేవాడు కాదు. గొంతు పెంచి ఎవరినీ ఏమీ అనేవాడు కాదు గానీ, తెల్లటి దిష్‌దాషా అంగీ చేతి అంచుమీద ఇస్త్రీ మడత వంకర పోతే దానిమీద వేలు పెట్టి నావైపు చూసేవాడు, అంతే. మామా పద్ధతి వేరు. ఆమెకు అన్నిటికీ మాట ఉండాలి. అన్నం మెతుకును రెండు వేళ్ళమధ్య నలిపి చూసి, "ఇంకా కాలేదు రీమా" అనేది. సాయంత్రాలు నిప్పులమీద బఖూర్ వేసి ఆ ధూపదానిని గది గదికీ తిప్పించేది. మా ఊళ్ళో సాంబ్రాణి వాసన గుడికీ చావుకీ మాత్రమే. ఇక్కడ దుప్పట్లకూ తలగడలకూ, చివరికి నా జుట్టుకూ పట్టేసింది.

నూరా ఆ ఇంట్లో పెద్ద కూతురు. పన్నెండేళ్లకే షుగరు వచ్చింది. సన్నటి పిల్ల, పొట్టమీద తానే సూది వేసుకునేది, ఏడ్చేది కాదు. డాక్టరు రోజూ పరిగెత్తమన్నాడు. బయట ఆ ఎండలో ఎవరు పరిగెత్తుతారు? ఏసీ గదిలో యంత్రం తెప్పించారు. నూరా దానిమీద గోడను చూస్తూ పరిగెత్తేది. దాని పక్కన ఖర్జూరాల గిన్నె పట్టుకుని నిలబడటం నా పని. షుగరు పడిపోతే వెంటనే నోట్లో వేయాలి. "ఎక్కడికీ పోని పరుగు ఇది" అని ఒకసారి విసుక్కుని దిగేసింది. ఆ మాట నిజమేననిపించింది నాకు.

ఎండలు ముదరగానే ఆ కుటుంబం రెండు నెలలు స్పెయిన్‌కు పోయేది. దక్షిణాన, వాళ్ళు అందలుస్ అని పిలిచే వైపు, కొండమీద ఒక చిన్న ఊళ్ళో ఏటా ఒకే ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్ళు. ఆ ఊరి పేరు నాకు నోరు తిరగక "పై ఊరు" అనేదాన్ని. నన్నూ తీసుకుపోయారు, వంటకూ పనికీ ఎవరో ఒకరు కావాలి కదా. విమానాశ్రయం నుంచి కారు మెలికలు తిరుగుతూ కొండెక్కింది. నేనెప్పుడూ చూడని దేశం, ఏ మంచుకొండలో పూలతోటలో ఉంటాయనుకుని భయపడుతూ కూర్చున్నాను. కారు దిగి చూస్తే ఎర్రమట్టి. గుండ్లు. ఎండిన గడ్డి. వాటి నడుమ తెల్లటి ఇళ్ళు. గోడ పక్కన మనిషెత్తు నాగజెముడు, దాని నిండా పండ్లు! నాకు నవ్వు ఆగలేదు. మామా నావైపు వింతగా చూసి, "ఏమైంది దీనికి?" అంది. మా ఊరికి సున్నం కొట్టి ఇక్కడ పెట్టారని ఆమెకు అరబ్బీలో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

మర్నాడే నూరా బయట పరిగెత్తుతానని పట్టుబట్టింది. బాబా కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఒక్కతే పోవడానికి వీల్లేదు. రీమా వెంట వెళ్తుంది" అన్నాడు. నూరా ముఖం మాడ్చుకుంది. "బాబా, ఆమె నడవగలదేమో గానీ పరిగెత్తలేదు. ఆమె కోసం నేను ఆగాల్సి వస్తుంది." ఆయన మాట మార్చలేదు. నేను పనిబట్టల పొడుగాటి గౌనులోనే, రబ్బరు చెప్పులతో, ఖర్జూరాల సంచి నడుముకు కట్టుకుని బయలుదేరాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాను. నూరా సగం మెట్లమీద ఆగి, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని వెనక్కి చూసింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. నోరు మూసుకునే ఉన్నాను, ముక్కుతోనే ఊపిరి తీస్తున్నాను.

"నువ్వు ఎక్కడ నేర్చుకున్నావు రీమా?"

"మేకల దగ్గర."

అది వేళాకోళమనుకుని నవ్వింది. కాదని తెలిశాక నా వేలు పట్టుకుని, "అయితే ముందు నువ్వు నడు. నేను నీ వెనక వస్తా" అంది. ఆ ఇంట్లో చేరినప్పటి నుంచి అందరి వెనకా నడిచినదాన్ని. ముందు నడవమని నన్ను అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల.

అలా మూడు దారులు కుదిరాయి. మొదటిది ఊరి లోపలి దారి. పొద్దున్నే కార్మెనమ్మ తన వాకిలి ముందు నీళ్ళు చల్లి చీపురుతో ఊడ్చేది. ఎదురింటి ముసలావిడ, భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఎప్పుడూ నల్లబట్టలే. ఆమె పేరు కార్మెన్ అంటే నేను అమ్మ చేర్చుకున్నాను. నన్ను చూపించి ఏదో అడిగితే "రీమా" అన్నాను. తల అడ్డంగా ఊపి, నా గుండెమీద వేలు పెట్టి మళ్ళీ అడిగింది. ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. "రెడ్డెమ్మ" అన్నాను. "రెదెమ్మా!" అని వీధంతా వినపడేలా పిలిచింది. ఆమె ఇంటి దగ్గర ఎడమకు తిరిగి మెట్లెక్కితే రాతి తొట్టి. అక్కడ చేతులు ముంచి ముఖం కడుక్కుంటే నీళ్ళు గాజులా చల్లగా ఉండేవి. రొట్టెలు కాల్చే ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు ఆ కమ్మటి వాసనకు నూరా కళ్ళు మూసుకుని పరిగెత్తేది. చర్చి వెనక పాత ద్వారం ఉంది. ఎప్పుడో అరబ్బులు ఏలినప్పుడు కట్టిందట. దానిమీద అరిగిపోయిన అక్షరాలు. నూరా మొదటిసారి అక్కడ ఆగి, గోడను తడుముతూ ఒక్కో అక్షరమే కూడబలుక్కుని, "బరకా" అని చదివింది. దీవెన అని అర్థమట. "రీమా, ఇది మా భాష! ఇంత దూరంలో!" అని ఎగిరింది. నాకు ఈర్ష్య కలగలేదు. ఆమెకు గోడమీది అక్షరం దొరికితే, నాకు గోడ పక్కన నాగజెముడు దొరికింది.

రెండోది తోటల దారి. ఊరు దిగితే కొండ వాలంతా ఆలివ్ చెట్లు, వరసలు వరసలుగా. మధ్యలో ఎండిన వంక. వంకలో ఇసుకమీద పరుగు కష్టం, పిక్కలు పట్టేస్తాయి. నూరా తిట్టుకుంటూ వచ్చేది. కాలు తొక్కినచోటల్లా ఏవో కొండ ఆకుల ఘాటు వాసన పైకి లేచేది. ఒక రోజు వంక గట్టున నాగజెముడు పండ్లు కోశాను. బండమీద వేసి ఆకుల కట్టతో దొర్లించి దొర్లించి ముళ్ళు పోగొట్టి, గోటితో చీల్చి నూరా చేతిలో పెట్టాను. పెదవులన్నీ ఎర్రగా చేసుకుని తింది. ఇంటికొచ్చాక మామా చూసి, రక్తమనుకుని కేకలు పెట్టింది. కార్మెనమ్మ పరుగున వచ్చి, సంగతి తెలుసుకుని, నేను ముళ్ళు తీసిన పద్ధతి చేతులతో చేసి చూపిస్తే పడీ పడీ నవ్వింది. వాళ్ళూ అలాగే తీస్తారట. ఆ సాయంత్రం నుంచి ఆమెకూ నాకూ భాష అక్కర్లేకపోయింది.

మూడోది కోట దారి. ఊరికి పైన, కొండ కొనకొమ్మున పాడుబడిన కోట. అక్కడికి గాడిదలు నడిచిన బాటన ఎక్కాలి. రాళ్ళు జారుతాయి, నీడ ఉండదు. మొదటి ఏడు సగం దాకా పోయి తిరిగొచ్చాం. రెండో ఏడు ముక్కాలు దాకా. మూడో ఏడు ఒక పొద్దున కోట గోడమీద కూర్చుని ఖర్జూరాలు తిన్నాం. కింద ఊళ్ళన్నీ సున్నపు చుక్కల్లా కనిపించాయి. అప్పటికి నా కాళ్ళకు బూట్లు వచ్చాయి. మామా నడకకని కొనుక్కుని ఒక్కరోజూ వేసుకోని జత. నూరా అలమరలోంచి తెచ్చి ఇచ్చింది. ఒక సైజు పెద్దవి, ముందు గుడ్డపీలికలు కుక్కుకునేదాన్ని. మామా వాటిని గుర్తుపట్టి, నా కాళ్ళవైపూ నా ముఖంవైపూ చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆమె ఏమీ అనకపోవడమంటే పెద్ద సంగతే.

ఆ ఏడే పందెం సంగతి వచ్చింది. వేసవి జాతరలో ఆ ఊరివాళ్ళు ఏటా పరుగు పెడతారు. చర్చి ముందు చౌకులో మొదలై, కోట దాకా ఎక్కి, వెనక వైపు బండరాళ్ల బాటన దిగి మళ్ళీ చౌకుకే రావాలి. నూరా పేరు ఇస్తానంది. బాబా ఎప్పటిలాగే, "రీమా పక్కన ఉంటేనే" అన్నాడు. మామా ఒప్పుకోలేదు. ఆ రోజే కువైట్ నుంచి చుట్టాలు భోజనానికి వస్తున్నారు.

"మన ఇంట్లో పనిచేసే మనిషి గుండెమీద నంబరు తగిలించుకుని ఊరందరి ముందూ పరిగెత్తడమా? వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? వంట ఎవరు చేస్తారు?"

నేను మామాకు ఎదురు మాట్లాడింది ఆ ఒక్కసారే. "వంట చేసే పోతాను మామా. మీ చుట్టాలు వచ్చేసరికి గిన్నెలు వేడిగా ఉంటాయి" అన్నాను. చివరికి మామా, "సరే, పో" అంది. నూరా కోసమని అందరూ అనుకున్నారు. నేను మాత్రం ఆ వారమంతా గిన్నెలు తోముతూ ఆ కొండనే చూస్తున్నాను.

తెల్లవారేసరికి మాంసమూ బియ్యమూ కలిపి వండే మజ్బూస్ దించి, మూతమీద తడిగుడ్డ కప్పి, పైన దుప్పటి చుట్టి, చేతులకు వెల్లుల్లి వాసన ఉండగానే చౌకుకు పరిగెత్తాను. బల్ల దగ్గర కూర్చున్న మనిషి పేరు అడిగాడు. నూరా "రీమా" అనబోయింది. నేను కాగితం తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రెడ్డెమ్మ అని రాశాను. ఊరు అన్నచోట రాయచోటి అని రాశాను. ఆ మనిషి చదవడానికి నానా తంటాలు పడ్డాడు. పడనీ అనుకున్నాను. పొడుగాటి గౌనుకు కుచ్చిళ్ళు పట్టి పిన్నులు పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని నిలబడ్డాను. చుట్టూ నిక్కర్లు వేసుకున్న బలమైన ఆడవాళ్ళు. ఒకామె, కింద ఊరి బడిలో టీచరట, నన్ను చూసి మర్యాదగా పక్కకు జరిగింది, నేను చూడ్డానికి వచ్చాననుకుని.

మొదట నూరా పక్కనే పరిగెత్తాను. మెట్లు దాటాం, తొట్టి దాటాం, గాడిదల బాట మొదలైంది. అక్కడ ఒక్కొక్కరే నీరసపడి నడకలోకి దిగుతున్నారు. నా కాళ్ళు మాత్రం అప్పుడే నిద్రలేచినట్టు ఉన్నాయి. నూరా నావైపు చూసింది. నేను పగ్గం వేసిన దూడలా పరిగెత్తుతున్నానని ఆమెకు తెలిసిపోయింది.

"వెళ్ళు" అంది.

"వెళ్ళను. బాబాకు మాటిచ్చాను."

"నా షుగరు బాగానే ఉంది. ఖర్జూరాలు నాకిచ్చెయ్యి. నువ్వు వెళ్ళు రీమా, నాకోసం వెళ్ళు. యల్లా!"

నేను ఆమె పెదవుల రంగు చూశాను. బాగానే ఉంది. పై పెదవిమీద చెమట చూశాను. అదీ మామూలుగానే ఉంది. సంచి విప్పి ఆమె నడుముకు కట్టాను. ఆ కట్టేటప్పుడు నా చేతులు తప్పు చేస్తున్నాయని నాకు తెలుసు. అయినా ముడి వేశాను. వేసి, కొండమీదికి పరిగెత్తాను.

ఆ ఎక్కడం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఎవరి గిన్నె కోసమో, ఎవరి పిలుపుకో కాకుండా పరిగెత్తడం అంత సుఖంగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఒక్కొక్కరినీ దాటుతున్నాను. ఒక ముసలాయన చప్పట్లు కొట్టాడు. నిక్కర్ల ఆడవాళ్ళను దాటాను. చివరి మలుపులో టీచరమ్మను దాటినప్పుడు ఆమె నా గౌను చూసి ఏదో అంది, తిట్టో మెచ్చుకోలో. కోట గోడ చేత్తో ముట్టుకుని వెనుదిరిగేటప్పటికి నా ముందు మగవాళ్ళే ఉన్నారు, ఒక్క ఆడమనిషి లేదు. దిగేటప్పుడే చిక్కొచ్చింది. నున్నటి బండరాళ్ళమీద పెద్ద బూట్లు జారాయి. ఒకసారి మోకాలు కొట్టుకుంది. టీచరమ్మ మేకపిల్లలా గెంతుతూ నన్ను దాటిపోయింది. చౌకులోకి ఆమె వచ్చిన కాసేపటికి నేను వచ్చాను. జనం అరుస్తున్నారు. ఆ జనం మధ్యలో తెల్లటి చొక్కాలో బాబా నిలబడి ఉన్నాడు. నా ముఖంలోకి కాదు, నా వెనక్కి చూస్తున్నాడు.

"నూరా ఏది?"

నాకు ఊపిరి అందలేదు.  ఆయన ముఖంలో అంతకుముందు ఎన్నడూ చూడని భయం చూశాను. అంతే, వెనక్కి తిరిగాను. పరిగెత్తి వస్తున్నవాళ్ళకు ఎదురు పరిగెత్తాను. వాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి దారి ఇచ్చారు. దేవుళ్లందరికీ మొక్కుకుంటూ, నన్ను నేను తిట్టుకుంటూ బండరాళ్ల బాట మళ్ళీ ఎక్కాను. సగం ఎక్కాక, ఒక ఆలివ్ చెట్టు నీడలో నూరా కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. ఒళ్ళో ఖర్జూర గింజలు ఆరో ఏడో ఉన్నాయి.

"కోట ముట్టుకున్నా రీమా" అంది ముందు. ఆ తర్వాత, "కొంచెం పడింది. తిన్నా. ఇప్పుడు తేలిగ్గా ఉంది" అంది.

నేను ఆమె తల నా పొట్టకు హత్తుకుని ఏడ్చాను. ఆమె నా గౌను పట్టుకుని లాగి, "ఏడుపు తర్వాత. నేను పూర్తి చేయాలి, లే" అంది. ఆమె రంగు తిరిగి వచ్చేదాకా కూర్చోబెట్టి, చేయి పట్టుకుని నడిపించాను. చివరి సందులో చేయి విడిపించుకుని తనే పరిగెత్తింది. మా వెనక ఇద్దరు ముసలాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు. ఆ పొద్దున నేను పందెం ముగిసే గీత రెండుసార్లు దాటాను.

మామా అప్పటికి వచ్చేసింది. కూతుర్ని తడిమి చూసుకుని, నావైపు తిరిగింది. "నీ చేతిలో పెట్టిన పిల్లను కొండమీద వదిలేసి వస్తావా? ఎందుకు? బహుమతి కోసమా?" అంది.  ఇప్పటికీ నా పరుగు చూసుకుని నేను గర్వపడతాను, ఆ ముడి వేసినందుకు సిగ్గుపడతాను. రెండూ నావే. నూరా మా మధ్యకు వచ్చి, "నేనే వెళ్ళమన్నాను. నా మాట విని వెళ్ళింది. తిట్టాలంటే నన్ను తిట్టు" అని నిలబడింది. ఇంతలో మైకులో ఎవరో "రెదెమ్మా! రాయచోతీ!" అని పిలిచారు. నేను కదల్లేదు. మళ్ళీ పిలిచారు. గుంపులోంచి కార్మెనమ్మ నా పేరు అరుస్తోంది. బాబా మైకు వైపు చెయ్యి చూపి, "పిలుస్తున్నారు కదా. వెళ్ళు" అన్నాడు.

వెళ్ళాను. ఆడవాళ్ళలో రెండో బహుమతి అని చెప్పి, మేయరుగారు నా రెండు చేతుల్లో బరువైన పొడుగాటి మూట ఒకటి పెట్టారు. ఉప్పులో ఊరబెట్టి ఆరేసిన పంది తొడ, గిట్టతో సహా! అది ఆ ఊళ్ళో చాలా గొప్ప బహుమతి. దాన్ని బిడ్డలా ఎత్తుకుని బాబా దగ్గరికి వచ్చాను. ఆయన ఒకడుగు వెనక్కి వేసి, "అస్తగ్‌ఫిరుల్లా!" అన్నాడు. అలా దేవుడికి క్షమాపణ చెప్పుకుని, ఒక్క క్షణం ఆగి, పకపకా నవ్వాడు. ఆ ఇంట్లో నా మూడేళ్లలో ఆయన నవ్వు శబ్దం వినడం అదే మొదలు. మామా తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి. ఆ తొడ కార్మెనమ్మకు ఇచ్చేశాను. ఆమె నన్ను రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టుకుని, డబ్బా నిండా ఆలివ్ నూనె ఇచ్చింది. చుట్టాలు వచ్చేసరికి అన్నం వేడిగానే ఉంది. మామా మూత తీసి, మెతుకు నలిపి చూసి, నావైపు చూడకుండానే, "బాగుంది" అంది.

ఆ తర్వాత వచ్చిన శుక్రవారం మా అమ్మకు ఫోను చేసి చెప్పాను. "ఏమ్మేయ్, పరిగెత్తితే పంది కాలు ఇచ్చినారా? ఇదేం దేశం మే! మేకల ఎనక అన్నేండ్లు పరిగెత్తినావే, మీ నాయన ఏమిచ్చినాడు నీకు?" అని అమ్మ ఒకటే నవ్వు. తర్వాత గొంతు తగ్గించి, "మీ నాయనకు చెప్తా ఉండు. సావిట్లో అందరి ముందర చెప్తా" అంది. చెప్పిందట. ఆ రోజు నాయన మేకలను తోలుకుని పోయేటప్పుడు ఊరి నడిమధ్య నుంచి పోయాడట.

ఆ ఇంట్లో ఇంకా చాలా ఏళ్ళు చేశాను. ఇప్పుడు ఫింటాస్‌లోనే ఒక బడిలో ఆయాగా ఉన్నాను. శుక్రవారాలు సెలవు దొరికిన మన ఆడవాళ్ళతో పొద్దున్నే సముద్రం ఒడ్డున నడుస్తాను, మోకాలు ఒప్పుకుంటే పరిగెత్తుతాను. అందరి చేతులకూ వాచీలు, ఎన్ని అడుగులు వేశామో అవే చెబుతాయి. నూరా జబ్బకు రూపాయి బిళ్ళంత యంత్రం అతుక్కుని ఉంది. షుగరు పడబోతుంటే ఫోను కూస్తుంది. అప్పట్లో ఆ యంత్రం నేనే, ఆమె పెదవుల రంగే నా అంకె. ఇప్పటిదే మంచి పద్ధతి, అందులో నాకు సందేహం లేదు. అది కొండమీద ఎవరినీ వదిలేసి పోదు. అయినా ఆ పిల్ల ముఖాన్ని నేను చదివినంతగా ఇంకెవరూ చదవలేదని లోపల ఒక చిన్న పొగరు నాకు.

నూరా వచ్చి వెళ్ళిన వారానికి, మామా చూడాలంటోందని నన్ను ముబారక్ అల్ కబీర్‌కు తీసుకుపోయింది. బాబా పోయి కొన్నేళ్ళయింది. మామా ముసలిదైపోయింది, చక్రాల కుర్చీలో కూర్చుంది. చుట్టూ కోడళ్ళూ వాళ్ళ చుట్టాలూ పది మంది దాకా ఉన్నారు. పాత అలవాటున నేను వంటింటి వైపు తిరిగాను. మామా కర్రతో నేలమీద కొట్టి, "ఎక్కడికి? ఇక్కడ కూర్చో" అని తన పక్క సోఫా చూపించింది. ఆ సోఫా తొడుగులు ఎన్నిసార్లు ఉతికానో నాకే తెలుసు. కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి.

"ఎవరు మామా ఈమె?" అని ఒక చుట్టం అడిగింది.

మామా మెడ నిటారుగా పెట్టుకుంది. "ఈమె రెద్దెమ్మా" అంది. ఆ పేరు ఎవరి దగ్గర నేర్చుకుందో, ఎప్పుడు నేర్చుకుందో! "అందలుస్‌లో పందెంలో కొండంతా ఎక్కి పరిగెత్తింది. ఆ దేశపు ఆడవాళ్ళందరినీ ఓడించి మొదటి బహుమతి తెచ్చింది. మొదటి బహుమతి! మా ఇంటి నుంచి!" బహుమతి ఏమిటని ఎవరో అడిగితే మామా వినపడనట్టు కాఫీ అడిగింది. నూరా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నేను మామాను సరిదిద్దలేదు.

కాఫీ తెచ్చినామె మన మనిషే, భీమవరం వైపు నుంచి వచ్చిన మేరీ. గ్లాసు నా చేతికిచ్చేటప్పుడు వంగి, తెలుగులో మెల్లగా అడిగింది. "ఏవండీ, నిజంగానే ఫస్టొచ్చారా?"

"లేదమ్మా, రెండో దాన్నే" అన్నాను. ఆమె సర్లెండి అన్నట్టు తలూపి పోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"దిగేటప్పుడు రెండోదాన్ని. ఎక్కేటప్పుడు మాత్రం నా ముందర ఒక్క ఆడమనిషి లేదు."